ఓడిన మర్నాటి బోణీ

ఎమ్మెల్యే గారింటి గుమ్మం ముందు చెప్పులు చూస్తే చాలు, ఓట్ల లెక్కింపు ఎలా సాగుతోందో టీవీ పెట్టకుండానే తెలిసిపోయేది ఆ రోజు. పొద్దున్న మొదటి రౌండ్ మొదలయ్యే వేళకి అక్కడ కాలు పెట్టడానికి సందు లేదు. ఇంకో రెండు మూడు రౌండ్లు అయ్యేసరికి మెట్లు బయటపడ్డాయి. భోజనాల వేళకి జగదాంబ పొద్దున్నే వేసిన ముగ్గు కూడా కనపడింది. "అర్జెంటుగా భీమవరం వెళ్లాలండి" అని ఒకరు, "మా అత్తగారికి ఒంట్లో బాగోలేదండి" అని ఇంకొకరు, సన్నగా జారుకున్నారు. బెల్లం కరిగిపోయాక ఈగలకి అక్కడేం పని?

జగదాంబ వంటింటి గుమ్మంలో నిలబడి ఆ చెప్పుల్నే చూస్తోంది. ఆమె భర్త కాశీవిశ్వనాథం ఐదేళ్లుగా ఆ ఊరికి ఎమ్మెల్యే, అధికార పార్టీ మనిషి. హాల్లో సోఫాలో కూర్చుని, ఒక్కో చేత్తో ఒక్కో ఫోను పట్టుకుని, రెండిట్లోనూ ఏమీ వినపడనట్టు టీవీకేసి చూస్తున్నాడు. సాయంత్రం కాఫీ వేళకి లెక్కింపు కేంద్రం నుంచి ఆయన పీఏ చంద్రరావు ఫోను చేశాడు.

"సార్... పోయిందండి" అన్నాడు, వంటింటి గుమ్మం దాకా వినపడేలా.

'హమ్మయ్య' అనుకుంది జగదాంబ. అనుకున్న మరుక్షణమే నాలిక కరుచుకుంది. కట్టుకున్నవాడు ఓడిపోతే హమ్మయ్య అనుకునే ఆడది ఉంటుందా అని తనని తానే తిట్టుకుంది. కానీ ఎంత తిట్టుకున్నా ఆ తేలిక పోలేదు. ఐదేళ్లుగా నెత్తిన మోస్తున్న బిందెని ఎవరో చెయ్యేసి దింపినట్టే ఉంది ఆమెకి.

మిగిలిన నలుగురూ హాల్లో కూర్చుని ఓటమికి కారణాలు వెతికారు. రాష్ట్రమంతా గాలి అలాగే ఉందండి అన్నాడొకడు. సమీకరణాలు మారిపోయాయండి అన్నాడు ఇంకొకడు. ఇంకో పెద్దమనిషి, జనానికి కృతజ్ఞత లేదండి, వాళ్లకి ఎంత చేసినా ఇంతే అని తేల్చేసి, ఇంకో కాఫీ అడిగాడు. వంటింట్లో ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు. అడిగితే ఒక్క ముక్కలో చెప్పేది.

ఎమ్మెల్యే కాకముందు కాశీవిశ్వనాథానికి బజారు వీధిలో కొట్టు ఉండేది. ఇప్పటికీ ఉంది. తండ్రి నాటి కొట్టు. వల దారం, తాళ్లు ఒక పక్క. పసుపు, బెల్లం, చింతపండు ఇంకో పక్క. ఊరి చివర పల్లెపాలెంలో ఉండే చేపలవాళ్లందరికీ అదే కొట్టు. ఆయన తాడు కొలిచిస్తే, గల్లాపెట్టె దగ్గర జగదాంబ కూర్చునేది. ఎవరి పడవకి చిల్లు పడిందో, ఎవరి పిల్లకి జ్వరమో ఆ ఇద్దరికీ తెలిసినట్టు ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. "మన కొట్టు విశ్వనాథం గారండి" అనుకునే జనం ఓట్లేసి గెలిపించారు. గెలిచిన వారానికి పార్టీ పెద్దలు వచ్చి, ఎమ్మెల్యే గారి భార్య తక్కెడ ముందు కూర్చుంటే బాగోదన్నారు. కొట్టు గుమాస్తా బుల్లియ్య చేతికి పోయింది. జగదాంబ ఇంట్లోకి పోయి "మేడం" అయిపోయింది.

సరే, అది పెద్ద తప్పు కాదు. పెద్ద తప్పు చెరువు దగ్గర జరిగింది.

ఆ ఊరికి సముద్రం దగ్గర. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే. తాగాలంటే కాలవ నీళ్లతో నింపుకున్న మంచినీళ్ల చెరువే దిక్కు. ఏటా ఎండాకాలంలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలు కట్టేస్తారు, చుక్క నీళ్లు వదలరు. కట్టేసేలోపు చెరువు నింపుకోవాలి. నింపుకున్నవాడు తాగుతాడు, లేనివాడు నాలిక తడుపుకుంటాడు. ఈ సంగతి డెల్టాలో పుట్టిన చంటిపిల్లకి కూడా తెలుసు.

పోయినేడు ఎండాకాలానికి ముందు చెరువు పూడిక తీయించి, కొత్త తూము కట్టించాడు కాశీవిశ్వనాథం. నిజానికి మంచి పనే. శిలాఫలకం మీద పేరు చెక్కించాడు. తూము తలుపు ఎమ్మెల్యే గారే ఎత్తాలన్నారు, ముహూర్తం పెట్టించారు. ఆ రోజుకి రాజమండ్రికి మంత్రి గారొచ్చారు. "నేనొచ్చేదాకా తలుపు ముట్టుకోవద్దు" అని ఫోనులో చెప్పి ఈయన అటు పోయాడు. రెండో ముహూర్తానికి విజయవాడలో మీటింగు. మూడో ముహూర్తం ఇంకా ఖాయం కాకముందే కాలవ కట్టేశారు. నీళ్లు తూము గడప కిందకి దిగిపోయాయి. కొబ్బరికాయ, రిబ్బను, షామియానా అన్నీ ఉన్నాయి, నీళ్లే లేవు. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా?

ఆ ఎండాకాలమంతా చెరువులో మోకాలి లోతు పచ్చనీళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ట్యాంకర్లు పంపిస్తానన్నాడు. ఆ ట్యాంకర్లయినా వెంటనే కదిలాయా అంటే, వాటి మీద ఎమ్మెల్యే గారి బొమ్మ వేస్తున్నారట, రంగు ఆరేదాకా షెడ్డులోనే ఉన్నాయి. గొంతు ఎండిపోతుంటే రంగు ఆరడం కోసం ఎదురుచూసిన ఊరు భూప్రపంచంలో ఇంకోటి ఉండదు.

ఓ మధ్యాహ్నం పల్లెపాలెం ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఎమ్మెల్యే ఇంటికొచ్చారు. ముందు నిలబడ్డది పెద్దింట్లమ్మ. గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా చేపలమ్మే మనిషి. ఆమె గొంతు వీధి మొదట్లో వినపడితే వీధి చివర పిల్లులు లేచి కూర్చుంటాయి. ఇరవయ్యేళ్లు జగదాంబ దగ్గర వల దారం కొన్న మనిషి. గేటు దగ్గర గన్‌మాన్ "సార్ లేరు, వెళ్లండి" అన్నాడు. పెద్దింట్లమ్మ తలెత్తి మేడమీదకి చూసింది. అక్కడ జగదాంబ ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. "గేటు తియ్యి, మనం బయటనుంచి తెప్పించుకున్న నీళ్లు పట్టుకోనివ్వు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. వెనకనుంచి చంద్రరావు, "మీరు లోపలికి వెళ్లండి మేడం, వీడియోలు తీస్తున్నారు" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి జగదాంబ పెద్దింట్లమ్మ ఎదుట పడలేదు. సిగ్గు. అధికారం పోతే పోయింది, పీడా పోయిందనుకోవచ్చు. కానీ ఈ ఊళ్లోనే బతకాలి, ఈ జనం మొహాలే చూడాలి. తిరిగి కొట్టులో కూర్చుంటే ఒక్కరైనా మెట్టెక్కుతారా? ఫలితం వచ్చిన సాయంత్రం నుంచి ఆమెని తొలిచేసిన ప్రశ్న అదొక్కటే.

మర్నాడు తెల్లవారగానే స్నానం చేసి, నేతచీర కట్టుకుని, తాళాల గుత్తి బొడ్లో దోపుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు కాశీవిశ్వనాథం మంచం మీంచి లేవకుండానే.

"కొట్టుకండి."

"ఇవాళా? జనం నవ్వుతారే."

"నవ్వనివ్వండి. నవ్వడానికైనా వస్తారు కదా" అనేసి బయల్దేరింది.

కొట్టు దగ్గర బుల్లియ్య తాళం తియ్యకుండా బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. "ఈ రెండ్రోజులూ వద్దండమ్మగారూ. ఎవడైనా రాయేస్తేనండి?" అన్నాడు. జగదాంబ షట్టరు తానే ఎత్తింది. గడపకి పసుపు రాసి, దీపం పెట్టి, గల్లాపెట్టె ముందు కూర్చుంది. ఐదేళ్లకి.

బజారులో జనం తిరుగుతున్నారు. అటు పోయేవాళ్లు ఇటు చూస్తున్నారు, ఇటు పోయేవాళ్లు అటు చూస్తున్నారు, మెట్టు మాత్రం ఎవరూ ఎక్కడం లేదు. ఎదురు కొట్టులో బేరాలు సాగిపోతున్నాయి. ఎండ మెట్ల మీదకొచ్చింది. ఆమె మెట్లకేసే చూస్తూ కూర్చుంది.

బుల్లియ్య చూడలేకపోయాడు. "మా బావమరిదిని పిలుస్తానండి. ఓ అరకిలో బెల్లం కొని పోతాడు. బోణీ అయిపోతుంది" అన్నాడు.

"దొంగ బోణీ వద్దు బుల్లియ్యా" అంది జగదాంబ. "బోణీ అంటే రావాలనుకున్నవాళ్లు రావాలి. మనం తెచ్చుకునేది బోణీ కాదు." ఈ ఐదేళ్లూ తన ఇంటికి లారీల్లో తోలుకొచ్చిన జనాన్ని చూసి చూసి విసిగిపోయింది పాపం.

అప్పుడు వినపడింది ఆ గొంతు. బజారు మొగలోనే. "జరగండి, జరగండి, గంప తగులుద్ది!" జగదాంబ సర్దుకుని కూర్చుంది. వస్తున్నది ఇక్కడికేనా? అందరిముందూ కడిగేస్తుందా? కడిగితే పడాల్సిందే అనుకుని కళ్లు దించుకుంది.

పెద్దింట్లమ్మ గంప మెట్ల కింద దించి, చెంగుతో చేతులు తుడుచుకుని, లోపలికొచ్చింది.

"బోణీ అయిందాండి?"

"లేదు పెద్దింట్లమ్మా" అంది జగదాంబ. తలెత్తలేదు.

"అయితే నాదే బోణీ. వల దారం రెండుండలు ఇవ్వండి. ఎంతండి?"

జగదాంబ ధర చెప్పింది. పెద్దింట్లమ్మ బుగ్గ మీద వేలేసుకుంది.

"అమ్మమ్మమ్మా! ఎమ్మెల్యే రేటా, కొట్టు రేటా అండి ఇది? నిన్నటితో ఆ రేట్లు పోయాయి కదా. బోణీ బేరం, తగ్గించి చెప్పండి!"

బుల్లియ్య నోరు తెరిచాడు. జగదాంబ మాత్రం ఒక్కసారిగా తలెత్తింది. ఈ ఐదేళ్లలో ఆమెతో బేరమాడిన మనిషి లేడు. చేతులు కట్టుకున్నారు, దండం పెట్టారు, దండలేశారు. బేరం ఒక్కరూ ఆడలేదు. బేరమాడేది మనవాళ్లనుకున్నవాళ్లతోనే. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నోట్లోంచి మాత్రం పాత కొట్టు గొంతే వచ్చింది.

"ఇంతకి తగ్గితే నాకు కొన్న ధర కూడా రాదు. నీ చేపలు నువ్వలాగే ఇస్తావా ఏంటి?"

"మీరు చేపలు తింటే అలాగే ఇద్దునండి!"

ఇద్దరూ నవ్వేశారు. ఓ పది అటు, ఓ పది ఇటు చేసి బేరం తెగింది. జగదాంబ ఆ డబ్బు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసింది. వేసి, ఇంక ఆగలేక, "ఆ రోజు గేటు తీయించాల్సింది పెద్దింట్లమ్మా. తీయించలేకపోయాను" అంది.

"తీయించాల్సిందేనండి" అంది పెద్దింట్లమ్మ, మొహమాటం లేకుండా. "అందుకు ఆ ఎండాకాలమంతా మిమ్మల్ని తిట్టుకున్నాను. తిట్టడం అయిపోయిందండి. బోణీకి అది అడ్డం కాదు."

ఆ మాటలకి వెనక ఎవరో దగ్గినట్టయింది. కాశీవిశ్వనాథం. పంచె, భుజాన తువ్వాలు, వెంట ఒక్క మనిషి లేడు. ఇంట్లో ఫోను మోగక, గోడలు చూస్తూ కూర్చోలేక నడిచొచ్చినట్టున్నాడు. మెట్టు మీద నిలబడి, వినీ విననట్టు, "పెద్దింట్లమ్మా, నువ్వూ వెయ్యలేదా నాకు?" అన్నాడు.

"లేదండి."

"చెరువు బాగు చేయించాను. తూము కట్టించాను. రోడ్డు వేయించాను. మరి ఎందుకు?"

పెద్దింట్లమ్మ దారపుండలు గంపలో పెట్టుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"కట్టించారండి, కాదన్నదెవరు? కానీ మా నీళ్లు మీ కోసం ఆగాయి. మేమూ ఆగాం. మీరే రాలేదు. గెలిచిన కాడ్నించీ మీరు మాకు కనపళ్లేదండి. ఇంకోసారి గెలిపిస్తే ఇంకో ఐదేళ్లు కనపడరు కదా. ఇదిగో, ఓడించాం. ఒక్క రోజు కాలేదు, నడిచొచ్చి మా ముందు నిలబడ్డారా లేదా?"

 ఆయన మొహం మొదట ఎర్రబడింది, తర్వాత మెల్లగా సడలింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, కొట్టు లోపలికొచ్చి, తాళ్ల పక్కన తన పాత పీట ఎక్కడుందో చూసుకుని కూర్చున్నాడు. మెట్ల మీద అప్పటికే ఇంకో ఇద్దరు నిలబడ్డారు.

"తాడు ఎన్ని మూరలండి మీకు?" అని అడిగాడు కాశీవిశ్వనాథం.

జగదాంబ గల్లాపెట్టె మీద రెండు చేతులూ పెట్టుకుని, ఈసారి నాలిక కరుచుకోకుండా, పైకే అంది: "హమ్మయ్య."