పుడిసెడేసి నీళ్ళు

ఇలా దగ్గరికి రా తల్లీ. ఆ ఫోను కాసేపు అవతల పెట్టు. నా గొంతు ఈ మధ్య గొంతులా లేదు, మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చుంటే గానీ సగం మాటలు గాల్లో పోతాయి. మీ అమ్మ షెడ్డు నుంచి వచ్చేసరికి పొద్దు వాలుతుంది. ఈలోపు మీ అమ్మమ్మ సంగతి ఒకటి నీ చెవిన వేసెయ్యాలి.

మీ అమ్మమ్మ నాకు తోడికోడలు. నేను అక్కా అనేదాన్ని. షెడ్డులో అందరూ కత్తక్క అనేవాళ్ళు. నోరు కత్తి అని కాదు సుమా, అలా అయితే ఆ పేరు నాకు రావలసింది. ఆవిడ చేతిలో బ్లేడు ముక్క ఉంటే ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ కదిలిందో కంటికి ఆనేది కాదు. అందుకే ఆ పేరు.

మీ అమ్మ ఇప్పుడు పనిచేస్తున్న షెడ్డే అది. అప్పుడు రేకుల పైకప్పు, మట్టి నేల. టమాటా నారు నేరుగా నాటితే మా నేలల్లో వేరు కుళ్ళిపోయేది. అందుకని అడవి వంగ మొక్క వేరు మీద టమాటా తల అంటు కట్టి రైతులకి ఇచ్చేవారు. రెండూ అగ్గిపుల్లంత సన్నం. వంగ కాడని ఏటవాలుగా కొయ్యాలి, టమాటా తలనీ సరిగ్గా అదే వాలుగా కొయ్యాలి, రెండింటినీ పెదవులు మూసినట్టు కలిపి చిన్న క్లిప్పు పెట్టాలి. కోసేవాళ్ళు ఒకరు, క్లిప్పు పెట్టేవాళ్ళు ఒకరు. అక్క కోసేది, నేను పెట్టేదాన్ని. మా ఎదురు బల్ల మీద సన్నాయీ పొట్టి పిన్నీ. సన్నాయి మాటలన్నీ ముక్కులోంచి వచ్చేవిలే, అందుకు ఆ పేరు.

"తల ఒకింటిది, వేరు ఒకింటిది, మధ్యలో క్లిప్పు మా అత్త" అనేది సన్నాయి. "పీక పట్టుకుని వదల్దు."

"మీ అత్త క్లిప్పు అయితే నువ్వెప్పుడో ఊడిపోయేదానివి" అనేది పొట్టి పిన్ని.

అక్క తలెత్తకుండానే నవ్వేది. నవ్వినా కోత తప్పేది కాదు.

అంటు కట్టిన ట్రేలని షెడ్డు వెనకాల ప్లాస్టిక్ గుడారంలో పెట్టేవాళ్ళు. లోపల చీకటి, నేల మీద తడి గోనెలు, పైన పొగలా మంచు చిమ్మే గొట్టం. గాయం మానేదాకా అక్కడ ఉండాలి. మొదటి రోజుల్లో మొక్కలు తలలు వాల్చేస్తాయి, చూసినవాళ్ళకి చచ్చిపోయాయనిపిస్తుంది. వాటంతట అవే లేస్తాయి. గాలి తేమ తగలాలి గానీ కోత మీద నీటి చుక్క పడిందా, గాయం నల్లబడి కుళ్ళుతుంది. అందుకని అక్కడ ఒకటే చట్టం. గుడారం తెర ఎత్తిన మనిషికి మర్నాటి నుంచి పని లేదు. యజమాని అలా ఇద్దరిని పంపించేశాడు కూడా. ఏడ్చి కాళ్ళు పట్టుకున్నా మళ్ళీ రానివ్వలేదు.

మా బావగారు పోయాక అక్క మా ఇంటి వెనక వసారాలో ఉండేది, మీ అమ్మతో. వసారాకి మూడు వైపుల గోడ, నాలుగో వైపు గోనె పరదా. వాన వస్తే మంచం మా వంటింట్లోకి జరిపేవాళ్ళం. మా అత్తగారు ఏమీ అనేది కాదు, అలాగని రమ్మనీ అనేది కాదు. మీ అమ్మకి అప్పుడు పన్నెండో పదమూడో. మా ఊరి బడిలో ఉన్న చదువంతా చదివేసింది. పెద్ద బడికి వెళ్ళాలంటే బస్సు లేదు, ఆడపిల్లని అంత దూరం నడిపించేవాళ్ళు లేరు. పరదా అవతల కూర్చుని పాత పుస్తకాలే మళ్ళీ మళ్ళీ చదివేది. అట్టలు ఊడిపోతే అన్నం మెతుకులతో అతికించుకునేది.

అలాంటి రోజుల్లో యజమాని ఇంకోచోట కొత్త తోట పెడుతున్నానన్నాడు. అక్కడి షెడ్డుకి మేస్త్రి కావాలి. అప్పటిదాకా మేస్త్రి అంటే మీసాలుండాల్సిందే. ఈసారి మాత్రం, పని తెలిసిన ఆడమనిషినే పెడతానన్నాడు. ఉండటానికి తలుపూ గడియా ఉన్న గది ఇస్తారు. ఆ గది గోడ అవతలే పెద్ద బడి.

ఆ మాట విన్నరోజు అక్క దారంతా నాకన్నా పది అడుగులు ముందే నడిచింది. ఇంటికొచ్చి మీ అమ్మని పిలిచి, "గంట కొడితే ఇంట్లోకే వినపడుతుందట" అంది. అంతే. మీ అమ్మ ఆ చినిగిన పుస్తకాలన్నీ ఒక గుడ్డలో మూటగట్టింది అప్పటికప్పుడే. ఎందుకే ఇప్పుడే అంటే, "రేపు తొందరలో మర్చిపోతాం పిన్నీ" అంది.

పోటీకి నిలబడింది ఇద్దరే. రెండోది కొత్తపిల్ల. ఎక్కడి నుంచో వచ్చి షెడ్డులో చేరి ఎక్కువ కాలం కాలేదు. ఒంటరిగా ఉండేది, ఒంటరిగా తినేది, పలకరిస్తే తలూపేది. మంచి పనిమంతురాలే, ఆ మాట దాచకూడదు. యజమాని ముందు ఇద్దరూ చెరో ట్రే కట్టారు. కోతా వాళ్ళే, క్లిప్పూ వాళ్ళే. అక్క ట్రేకి ఎర్ర దారం, ఆ పిల్ల ట్రేకి తెల్ల దారం. రెండూ తీసుకెళ్ళి గుడారంలో తెర పక్కనే పెట్టారు. తెర తీసే రోజుకి ఎవరివి ఎక్కువ బతికితే వాళ్ళకి పని. అందాకా ఇద్దరూ గుడారం వైపు రాకూడదని తోట అవతలి గట్టు మీద కలుపు తీతకి పంపారు.

షెడ్డులో మావాళ్ళకి మాత్రం ఇక వేరే మాట లేదు. "మన కత్తక్క మేస్త్రమ్మ అయితే నేను దర్జాగా ఆలస్యంగా వస్తా" అంది సన్నాయి. "ఆవిడ వెళ్ళేది ఆ తోటకే, నువ్వుండేది ఈ తోటలో, ఎవరికి దర్జా?" అంది పొట్టి పిన్ని. "పేరైనా చెప్పుకోవచ్చుగా!" అంది సన్నాయి.

అప్పుడు నేను షెడ్డుకి పోలేదు. మా చంటిదానికి తట్టు పోసింది. ఆ రోజుల్లోనే వడగాలులు పట్టుకున్నాయి. కరెంటు పోయింది. పైన మంచు చిమ్మే గొట్టం ఆగిపోయింది. రేకులు కాలి టపటపమనేవట. మేస్త్రి తెర కిందుగా గోనెలు తడిపించి, ఇంతకన్నా ఏం చెయ్యక్కర్లేదు, ఎవరూ ముట్టుకోకండి అన్నాడట.

తెర తీసే రోజుకి నేనూ వెళ్ళాను, చంటిదాన్ని చంకనేసుకుని. షెడ్డు ఆడవాళ్ళంతా గుడారం ముందు మూగారు. మీ అమ్మ కూడా వచ్చింది, జడకి శుభ్రంగా నూనె రాసుకుని.

మేస్త్రి తెర ఎత్తాడు. ముందు వాసన వచ్చింది. పాత కుండీలో నీళ్ళు మురిగితే వస్తుందే, అది.

తెల్ల దారం ట్రేలో మొక్కలు లేచి నిలబడ్డాయి. అక్కడక్కడా వాడినవి ఉన్నాయి, మిగతావి పచ్చగా ఉన్నాయి. ఎర్ర దారం ట్రేలో ఒక్కటంటే ఒక్కటి లేదు. క్లిప్పు దగ్గర నల్లగా మెత్తబడి, తలలు పక్కకి పడిపోయి ఉన్నాయి.

అక్క వంగి ఒక గుంటలో వేలు పెట్టింది. వేలు చుట్టూ నీళ్ళు ఊరాయి. ఇంకో గుంటలో పెట్టింది. అక్కడా నీళ్ళే. నేను పక్కనే ఉన్నాను, నాకూ కనపడింది. అక్క మెల్లగా తలెత్తి మావాళ్ళ మొహాలు చూసింది. సన్నాయి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. "అయ్యో, ఎండిపోతాయనే కదా నేను..." అని అందుకుంది ముక్కుతో.

"నా కోతే తప్పింది" అంది అక్క, గట్టిగా. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. "వాలు కుదరలేదండీ. కళ్ళు మసకలయ్యాయి. ఆ రోజు కోసేటప్పుడే అనుకున్నాను." అంటూనే ట్రే ఎత్తి, పక్కకి వంచి, మట్టితో సహా ఎరువు గుంటలో దులిపేసింది. యజమాని వచ్చి చూసేసరికి ఖాళీ ట్రే మిగిలింది.

ఆయన నొచ్చుకున్నాడు పాపం. "నీ చెయ్యి ఇలా చేస్తుందనుకోలేదమ్మా" అన్నాడు.

సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తుంటే నేను ఆగలేకపోయాను. "అక్కా, ఎవరో నీళ్ళు పోశారు. వెళ్ళి చెబుదాం. మళ్ళీ కట్టమంటారు."

"ఎవరు పోశారంటే ఏం చెప్తావు?"

"ఆ సన్నాయి కాదూ? నోటిదాకా వచ్చిందిగా."

"సన్నాయి ఒక్కతే పోస్తే అన్ని నీళ్ళుండవే. సన్నాయిని పంపేస్తే దాని మొగుడు దాన్ని బతకనిస్తాడా? ఇల్లు గడిచేదే దాని చేతి మీద." మళ్ళీ తనే అంది. "నాకు రావాలనే పోశారే. ఇంకెందుకు పోస్తారు?"

"మరి పిల్ల చదువు?"

అక్క చెప్పులు చేతిలో పట్టుకుని గట్టు దిగి, మొహం కడుక్కోవటానికని కాలవలోకి వంగింది. చాలాసేపు కడుక్కుంది. ఇంటి గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "వాళ్ళలో ఒక్కరు బతికున్నా నువ్వు నోరు విప్పకూడదు, ఒట్టు" అంది. నా నోటి సంగతి తెలుసుగా, అందుకే ఒట్టు వేయించుకుంది.

మీ అమ్మ వసారాలో మూట మీద కూర్చుని ఉంది. "అమ్మా, నిజంగా నువ్వే తప్పు కోశావా?"

"అవునే తల్లీ."

"నాకోసం కూడా సరిగ్గా కొయ్యలేకపోయావా?"

అక్క పరదా సర్దుకుంటూ నిలబడిపోయింది. నేను వంటింట్లోకి పోయి పొయ్యి ఊదుతూ కూర్చున్నాను. పొగ కదా, కళ్ళు తుడుచుకున్నా ఎవరూ అడగరు.

ఆ తర్వాతే అసలు సంగతి తెలిసింది. ఒక్కొక్కరే వచ్చి నా చెవిలో ఊదారు. ముందు సన్నాయి, బావి దగ్గర. "నేనొక్కదాన్నే తెర కాస్త ఎత్తి పుడిసెడు నీళ్ళు చల్లానే, తలలు వాల్చేస్తుంటే చూడలేక. ఎవరికీ చెప్పకు. అయినా బతకలేదు, చూశావా ఖర్మ!" తర్వాత పొట్టి పిన్ని, బల్ల కింద క్లిప్పులు ఏరుతూ. "నేను చల్లబట్టి ఆ మాత్రం నిలిచాయి, లేకపోతే మొదటి రోజే పోయేవి. నేనొక్కదాన్నే, ఒట్టు." ఊడ్చే ముసలమ్మ, గోనెలు తడిపే ఆవిడ, అందరూ. ఎవరికి వాళ్ళు నేనొక్కదాన్నే అనుకున్నారు. పుడిసెడేసి నీళ్ళు, ఎవరికీ తెలియకుండా, పొద్దున ఒకరు మధ్యాహ్నం ఒకరు. ఎర్ర దారం వెతుక్కుని మరీ పోశారు. ఇంటి దగ్గర మడిలో నారు వాడిపోతే చిన్నప్పటి నుంచీ చేసిన పనే కదా, చెయ్యి ఊరుకోలేదు. తెల్ల దారం జోలికి ఎవరూ పోలేదు. ఆ పిల్ల ఎవరికీ ఏమీ కాదుగా, అందుకే బతికాయి.

నేను అందరి మాటకీ ఊఁ కొట్టాను. నువ్వొక్కదానివే కాదే అని నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేదాన్ని.

కొత్తపిల్ల పెట్టె సర్దుకుని వెళ్ళే రోజు అక్క తన బ్లేడు పట్టుకునే పిడి దాని చేతిలో పెట్టింది. "బాగా చెయ్యమ్మా. గుడారానికి తలుపు పెట్టించి, తాళం నీ దగ్గరే ఉంచుకో" అంది. ఆ పిల్ల అప్పుడు మొదటిసారి ఏడ్చింది, ఎందుకో మరి. ఇక్కడ ఎవరూ తనకి ఏమీ ఇవ్వలేదు కదా.

ఆ తర్వాత అక్క మళ్ళీ కోత బల్ల మీద కూర్చోలేదు. కళ్ళు మసకలన్నావుగా అని మేస్త్రి ఆవిడని మట్టి నింపే పనికి మార్చాడు. ట్రేలలో మట్టి నింపుతూనే ముసలిదైంది. మరుసటి పంట కారుకి ఆవిడ బల్ల మీద, నా పక్కన, మీ అమ్మ వచ్చి కూర్చుంది. పుస్తకాల మూట మా అటక మీద ఎలకలు కొట్టేశాయి. తల్లి చెయ్యే వచ్చింది మీ అమ్మకి, అంత నాణ్యమైన కోత. ఎవరైనా ఆ మాటంటే మాత్రం మొహం చిట్లించేది. "నా చెయ్యి సమయానికి వణకదులే" అనేది. తల్లి మట్టి తట్టతో అటు పోతుండగానే అనేది. అక్క వినీ విననట్టు పోయేది. ప్రాణం పోయేటప్పుడు కూడా, మంచంలో, ఆఖరి రోజుల్లో, "చెప్పనా అక్కా?" అని అడిగాను. సన్నాయి అప్పుడు గుమ్మంలో కూర్చుని ఆవిడ కాళ్ళు పడుతోంది. అక్క దానివైపు చూసి తల అడ్డంగా ఊపింది.

మొన్న సన్నాయి కూడా పోయింది. అందరికన్నా ఆఖరున పోయింది. నాకిక ఒట్టు లేదు.

మీ అమ్మకి నేను చెబుదామని కూర్చున్నాను, రెండుసార్లు. తల్లి పేరు ఎత్తగానే, పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయింది. నీ మాటయితే వింటుంది. ఈ రాత్రికే చెప్పు, అన్నం పెట్టేటప్పుడు, లేచిపోవడానికి లేకుండా. ఆ కోతల్లో ఒక్కటీ తప్పు పోలేదని చెప్పు, తన కోసం కోసిందని చెప్పు. రేపు నీ కడుపున పిల్లలు పుడితే వాళ్ళకీ చెప్పు. ఎవరు నీళ్ళు పోశారే, ఎంత పని చేశారే అని వాళ్ళు తిట్టబోతే మాత్రం ఆపు. ఆవిడ తిట్టలేదు.