కొలత తీయని రోజు

“కొండ ఎక్కడికీ పారిపోదు. ఒక్కరోజు చూడకపోతే కొంపలేం మునగవు,” అన్నాడు భర్త, ఉల్లిపాయల బుట్ట ఆమె ముందుకు జరుపుతూ. ఆఫీసులో కొత్తగా వచ్చిన పై అధికారిని కుటుంబంతో సహా ఆ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. ఆ సంగతి ఆమెకు చెప్పింది మాత్రం ఆ ఉదయమే. పన్నెండు మందికి వంట.

ఆమెది కొండచరియల మీద పరిశోధన. ఊరి చివరి కొండ వాలు మీద పగుళ్లు వెతికి, ఒక్కో పగులుకి అటొకటి ఇటొకటి ఇనుప మేకులు దిగ్గొట్టింది. వానాకాలమంతా రోజూ పొద్దున్నే వాటి మధ్య దూరం కొలుస్తుంది. దూరం పెరిగిందంటే కొండ కదులుతున్నట్టే. ఒక్కరోజులో పది మిల్లీమీటర్లు దాటితే కిందనున్న ఇరవై ఇళ్లూ ఖాళీ చేయించాలి. “మా కోడలు మేకులు కొలిచే ఉద్యోగం చేస్తుంది,” అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే పొగరనుకుంటారని. సాయానికి ఇంకో మనిషిని ఇమ్మని తన సంస్థ డైరెక్టర్‌ని మూడేళ్లుగా అడుగుతూనే ఉంది. “మీరొక్కరే పదిమంది పెట్టు, మీకు సాయమెందుకమ్మా?” అని ఆయన పొగిడి పంపేసేవాడు. పొగడ్తకి ఎదురు చెప్పడం ఆమెకెవరూ నేర్పలేదు.

రెండు రోజులుగా వాన విడవలేదు. ముందురోజే కొలత ఆరు మిల్లీమీటర్లు పెరిగింది. “గంటలో వచ్చేస్తాను,” అంది. “నీ గంట సంగతి నాకు తెలీదా? ఆ బురద కాళ్లతో వచ్చి వడ్డిస్తావా?” అన్నాడు భర్త. “నావల్ల కాదు తల్లీ, నడుం పట్టేసింది,” అని అత్తగారు టీవీ ముందు కూర్చుంది. వాదిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వారం రోజులు ఇంట్లో మాటలుండవు, గిన్నెల చప్పుళ్లు తప్ప. ఆ వారాన్ని భరించే ఓపిక లేక కత్తి అందుకుంది. ఎవరూ కాళ్లు కట్టేయలేదు, తలుపు గడియ పెట్టలేదు. ఆ తర్వాత ఆమెను నిద్రపోనివ్వనిది ఆ సంగతే.

వంట అదిరిపోయిందన్నారు అతిథులు. నాలుగు గంటలకి అంట్లు తోముతుండగా ఫోన్ మోగింది. కొండ జారింది. పదకొండు మంది పోయారు.

వాళ్లలో కుట్టుపని చేసే ఆవిడ ఒకతె. మొదటి మేకు దిగింది ఆవిడ పెరట్లోనే. రోజూ తల తుడుచుకోమని ఆమెకు తువ్వాలు ఇచ్చేది. మర్నాడు సహాయ శిబిరంలో ఆవిడ కూతురు కనిపించింది. తిడుతుందనుకుంది, తిడితే బావుండుననుకుంది.

“వాన చూసి వెళ్లిపోదామన్నాడక్కా నాన్న. అమ్మే వద్దంది,” అంది ఆ పిల్ల నెమ్మదిగా. “మేడమ్ రాలేదంటే ఇవాళ కొండ బాగున్నట్టే, లేకపోతే వచ్చి చెప్పదా అంది.”

ఆమె తన లెక్కలు వాళ్లెవరికీ అక్కర్లేదనుకుంది ఇన్నాళ్లూ. నిజమే, వాళ్లు అంకెలు చూడలేదు. తను వచ్చిందా రాలేదా అన్నదే చూశారు. ఇంట్లో ఒక్కరూ లెక్కచేయని ఆమె రాకపోకల మీద ఇరవై కుటుంబాలు ప్రాణాలు పెట్టుకున్నాయి.

మూడో రోజు డైరెక్టర్ కొలతల పుస్తకం ముందు పెట్టాడు. ఆ తారీఖు దగ్గర గడి ఖాళీగా ఉంది.

“విచారణకి అడుగుతున్నారమ్మా. ముందు రోజుల్ని బట్టి ఓ అంకె వేసేయండి, పది దాటకుండా. కొలిచాం, ప్రమాదం కనిపించలేదు, హఠాత్తుగా జారింది. మీకూ మంచిది, మనందరికీ మంచిది.”

ఇంట్లో భర్తదీ అదే పాట. “ఆయనే దారి చూపిస్తుంటే నీకేంటి బాధ? వంట కోసం ఆగిపోయావని బయటపడితే నేను నలుగురిలో ఎలా తిరగను?” తను ఎలా తిరుగుతుందో అతను అడగలేదు.

ఆ అంకె వేస్తే ఆమె బతికిపోతుంది. తప్పంతా కొండదే అవుతుంది, రెండో మనిషిని ఎవరూ వేయరు. కొండకి అవతలి వాలు కింద ఇంకో నలభై ఇళ్లున్నాయి. వాటికీ ఆమె ఒక్కతే దిక్కు. నిజం రాస్తే ఉద్యోగం పోవచ్చు, ఆ పిల్ల ఇంకెప్పుడూ అక్కా అనకపోవచ్చు. అది తలుచుకుంటే ఉద్యోగం పోవడం కంటే ఎక్కువ భయం వేసింది. అయినా మర్నాడు ఆఫీసులో ఆ పుస్తకం తెరిచి కలం తీసింది.

అంకె వేయాల్సిన గడిలో అడ్డగీత గీసి, పక్కన కారణం రాసేచోట ఇలా రాసింది: ‘కొలత తీయలేదు. నా భర్త పిలిచిన అతిథులకు ఇంట్లో వంట చేస్తున్నాను. నా బదులు వెళ్లడానికి రెండో మనిషి లేరు, మూడేళ్లుగా అడుగుతున్నాను.’ కింద పూర్తి సంతకం చేసింది.

డైరెక్టర్ చదివి తలెత్తాడు. “ఇదేంటమ్మా? ఇంటి విషయాలు రికార్డులోకి ఎక్కిస్తారా?”

“పదకొండు మంది పోయింది ఆ ఇంటి విషయానికే సార్,” అంది.