నింపినవారి పేరు

"కమలా, గవర్నమెంటు వాళ్లు మన అభిప్రాయం అడుగుతున్నారటే. నాలుగు ముక్కలు రాసిపెట్టు, నా పేరు మీద పంపిస్తాను."

ఆదివారం పొద్దున పేపరు మడత విప్పుతూ గోపాలరావు అన్న మాట ఇది. వంటింటి గడప పక్కన పీట వేసుకుని కమలకుమారి గోకరకాయలు తుంచుతోంది. తెనాలిలో తాను ఎరిగిన గోరుచిక్కుడు ఈ సెంటినరీ కాలనీ క్వార్టర్లలో ఎప్పుడు గోకరకాయ అయిపోయిందో ఆమెకు గుర్తులేదు; తాను ఎప్పుడు ఈ ఊరిదైపోయిందో అదీ గుర్తులేదు. ఈనె తీస్తున్న వేళ్లు ఆ మాటకు ఆగలేదు గాని, మనసు ఆగింది. అడిగింది మన అభిప్రాయం. రాయవలసింది ఆమె. వెళ్లేది ఆయన పేరు మీద. ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద సర్దుబాటును ఏ తడబాటూ లేకుండా ఇమడ్చగలిగిన మనిషిని తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక, ఆమె మరో గుప్పెడు కాయలు ఒళ్లోకి తీసుకుంది. తిట్టడానికి ఆయన చెడ్డవాడు కాడు. ఇన్నేళ్లుగా ఆమెకున్న చిక్కల్లా అదే.

పేపరు ఆమె తర్వాత చదివింది. ఆయన చదివి, మడతలు చెదిరాక, ఎప్పటిలాగే. కొత్త ఆదాయపు పన్ను చట్టానికి నిబంధనలూ ఫారాలూ తయారవుతున్నాయట. ముసాయిదా ప్రజల ముందు పెట్టారట. ఏ నిబంధన అర్థం కావడం లేదో, ఏ కాగితం అనవసరమో, ఏ ఫారం నింపడం భారంగా ఉందో చెప్పమని పన్నుల శాఖ అడుగుతోంది. ఆ 'భారం' అన్న మాట దగ్గర ఆమె చూపు నిలిచిపోయింది. పెళ్లయి ఈ బొగ్గు బెల్టుకు వచ్చిన నాటి నుంచి, ఫారం నింపడం నీకు భారంగా ఉందా అని ఈ ఇంట్లో గాని, ఈ వీధిలో గాని ఆమెను అడిగినవాళ్లు లేరు. మొట్టమొదట అడిగింది ఢిల్లీలో ఎవరో. అదీ, అడుగుతున్నది తనను అని తెలియకుండానే.

గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. ఈ ఒక్క నియమం ఈ కాలనీలో ఎన్ని సంసారాలను ఎలా తిప్పిందో బయటివాళ్లకు తెలియదు. మొగవాడు షిఫ్టుకు దిగితే పైకి వచ్చేదాకా అతనికి లోకంతో సంబంధం ఉండదు. బ్యాంకు వాళ్లూ, పన్నుల వాళ్లూ మాత్రం అతను కిందున్న వేళే ఓటీపీ పంపుతారు. అందుకని ఈ వీధిలో అందరి పన్ను ఖాతాలకూ పెళ్లాల ఫోను నంబర్లే ఇచ్చి ఉన్నాయి. అలా ఇవ్వమని మొదట చెప్పింది కమలకుమారే. రిటర్ను వేసే రోజుల్లో ఆమె లోపల ల్యాప్‌టాప్ ముందు ఉంటే, పక్క క్వార్టరు ఇమాంబీ జొన్నపిండి చేతులతోనే గోడ మీదుగా, "అక్కా, వచ్చింది వచ్చింది, జల్ది రాసుకో, మల్ల మాయమైతది!" అని అంకెలు అరిచేది. అవతల వరసలో అనసూర్య, ఆ చివర సారవ్వ. గనిలో దిగిన వాళ్లు బొగ్గు తవ్వుతుంటే, మీదున్న వాళ్లు వాళ్ల జీతాల లెక్కలు ప్రభుత్వానికి అప్పజెప్పేవాళ్లు. ఒక పని పేరు డ్యూటీ. రెండోదానికి పేరు లేదు.

పేరు లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. గోపాలరావు పేరుంది. "గోపాలరావు సార్ దగ్గరికి పో, పని అయితది" అన్నది కాలనీలో అందరికీ తెలిసిన మాట. సార్ గనిలో ఓవర్‌మన్, పనివాళ్ల మీద అజమాయిషీ చేసే మనిషి. నలుగురితో నవ్వుతూ మాట్లాడతాడు, ఎవరికీ లేదనడు. వరండాలో చేతుల కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ల కాగితాలు అందుకుంటాడు, కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి ఒకసారి చూస్తాడు, "ఊఁ, చేసేద్దాం లేవయ్యా" అంటాడు. ఆ తర్వాత లోపలికి తిరిగి, "కమలా, రెండు టీలు. ఇదిగో, ఈ ఫారం పదహారు కాస్త చూడు" అంటాడు. టీలూ, జీతంలో కోసిన పన్ను లెక్క చెప్పే ఆ ఫారమూ ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో. ఆమె టీలు బయటికి పంపేది, ఫారం లోపలికి తీసుకునేది. కుక్కరు కూత వేసేలోగా ఒక పేజీ, పప్పు తాలింపు అయ్యాక ఇంకో పేజీ. ఒకప్పుడు బియ్యం డబ్బా మూత మీద కాగితం పెట్టి నిలబడి రాసేది. కూతురు కృష్ణప్రియ ఉద్యోగంలో చేరి పాత ల్యాప్‌టాప్ వదిలేసి వెళ్లాక, వంటగట్టు మీద మిక్సీ జరిపి, అక్కడ నిలబడే టైపు కొడుతోంది. ఇంట్లో చేతుల కుర్చీ ఒకటే. అది వరండాలో ఉంటుంది.

అత్తగారు ఉన్న రోజుల్లో ఏడాదికోసారి తెనాలి నుంచి వచ్చేది. కోడలు కాగితాల మీద వంగి ఉంటే చూసి, "మావాడు పాతాళంలోకి దిగి చేసొస్తున్నాడమ్మా, నీదేముంది, కూర్చుని చేసే పనేగా" అనేది. ద్వేషంతో కాదు. ఆవిడ ఆ వెంటనే కోడలి తలకు నూనె పెట్టి, చిక్కులు తీసి, గట్టిగా జడ వేసేది కూడా. ఆ నూనె చల్లదనం, ఆ మాట చురుకు రెండూ కమలకుమారి తలలోనే ఉండిపోయాయి. గోదావరిఖని బజారులో ఒక ఆడిటరు ఉండేవాడు. ఆమె నింపిన కాగితాలు ఎవరివో ఆయన బల్ల మీదికి వెళితే, చూసి కబురంపాడు: ఈ చేతిరాత ఎవరిదో వాళ్లను రమ్మనండి, మా ఆఫీసులో కూర్చోబెట్టుకుంటాను, అని. ఆమె బీకాం ఫస్టు క్లాసు. ఆ రాత్రి గోపాలరావు ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "నేనుండగా నువ్వెందుకు కష్టపడాలి కమలా? రాణిలా ఇంట్లో ఉండు" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, అనుమానం లేదు. ఆ ప్రేమ ఆమె కష్టాన్ని ఒక్క గవ్వ కూడా తగ్గించలేదు, ఆ కష్టానికి రావలసిన కుర్చీని మాత్రం తీసేసింది. ఆ సంగతి అర్థం కావడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది. ఆయనకు ఇంకా అర్థం కాలేదు.

మధ్యాహ్నం గోపాలరావు కునుకు తీస్తుంటే ఆమె రాసింది. మొదటి సూచన సారవ్వ సంగతి. మొగుడు పోయాక, అతని జీతంలో ఎక్కువగా కోసిన పన్ను వెనక్కి రావాలంటే, తాను వారసురాలినని సారవ్వ ఒక ఆఫీసుకు రుజువు చేసుకుని, మళ్లీ పన్నుల వాళ్లకు వేరే రుజువు చేసుకోవలసి వచ్చింది. ఒకసారి నిరూపించిన వైధవ్యాన్ని ప్రభుత్వం రెండోసారి అడగరాదని రాసింది. రెండోది భూగర్భంలో పనిచేసేవాళ్ల సంగతి: షిఫ్టు వేళలు తెలియని ఓటీపీ గడువు వాళ్లకు పనికిరాదని, మరికాస్త సమయం ఇవ్వాలని. మూడోది రాయడానికి ముందు ఆమె లేచి, నీళ్లు తాగి, మళ్లీ వచ్చింది. రిటర్ను చివర, దాన్ని తయారుచేసి ఇచ్చినవారి వివరాలకు చోటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాళ్లకే ఆ చోటు. వీధంతటి రిటర్నుల్లోనూ అక్కడికి రాగానే ఆమె తన చేత్తోనే 'వర్తించదు' అని పెట్టేది. ఇప్పుడు రాసింది: 'ఫారం నింపడానికి పట్టే భారం ఎంతో తెలుసుకోవాలంటే, ఆ భారం మోస్తున్నది ఎవరో ముందు అడగండి. గుర్తింపు ఉన్నా లేకున్నా, ప్రతి ఫారం చివర నింపినవారి పేరు రాయడానికి ఒక గడి ఉంచండి.' మళ్లీ ఒకసారి చదువుకుంది. మార్చలేదు.

సాయంత్రం వరండా నిండింది. ఇమాంబీ భర్త ముష్తాక్, అతనితో పాటు గనిలో కొత్తగా చేరిన ఉపేందర్ వచ్చారు. గోపాలరావు కుర్చీలో కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మొదటి రెండు సూచనలూ గొంతు సవరించుకుని చదివాడు.

"అబ్బ! ఏం రాసిన్రు సార్," అన్నాడు ఉపేందర్. "గిది ఢిల్లీల చదివితే వాళ్లకు షాకే."

"సార్ దిమాగంటే మాటలా?" అన్నాడు ముష్తాక్.

కమలకుమారి లోపల టీ వడగడుతోంది. గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన ఇమాంబీ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఒకసారి ఆమె ముఖం చూసింది, ఒకసారి వరండా వైపు చూసింది. "అక్కా, గా దిమాగ్ ఇక్కడ టీ పోస్తున్నది, ఆళ్లకు ఎరికెనా?" అంది మెల్లగా. కమలకుమారికి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆవిరి వల్ల అనుకోవచ్చు.

బయట గోపాలరావు మూడోది మనసులోనే చదువుకున్నాడు. "కమలా," అని పిలిచాడు, ఎప్పటి ప్రేమతోనే. "ఈ మూడోదెందుకే? నవ్వుతారు. ఇంట్లో వాళ్లం నింపుకునేదానికి పేరేంటి, మనమేగా! తీసేస్తున్నా, సరేనా?"

సరేనా అన్నాడు గాని జవాబు కోసం ఆగలేదు. పేరు గడిలో తన పేరు కొట్టుకున్నాడు. ఫోను నంబరు గడిలో వేళ్లు అలవాటు కొద్దీ ఆమె నంబరే కొట్టాయి. వంటగట్టు మీద ఫోను కిణింగుమంది.

"నంబరు చెప్పవే!"

ఎన్ని నంబర్లు చెప్పింది! చేతులు పిండిలో ఉండగా చెప్పింది, జ్వరంతో పడుకుని చెప్పింది, తండ్రి పోయిన కబురు విని ప్రయాణమై బస్సులో కూర్చుని కూడా ఆయనకు ఏదో నంబరు చదివి చెప్పింది. ఫోను వెలుగుతోంది. ఈ అంకెలు చెబితే మూడోది లేకుండా, తన పేరు లేకుండా, తన మాటలు ఢిల్లీ వెళతాయి. చెప్పకపోతే కాసేపటికి అంకెలు చెల్లకుండా పోతాయి. అంతే. చిత్రమేమిటంటే, అంత సులువని ఆమెకు ఇన్నేళ్లూ తట్టలేదు.

"కమలా! టైమైపోతోంది!"

"పోనివ్వండి," అంది.

 ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని బయటికి వచ్చింది. ఆయన కళ్లజోడు మీదుగా చూశాడు. కోపం లేదు ఆ చూపులో, బెంగ ఉంది. "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది. అది నేను రాశానండీ. మూడూ నేనే రాశాను. నా పేరు మీద పంపుకుంటాను. లేవండి."

"అదేంటే, నా పేరైనా నీ పేరైనా ఒకటి కాదూ?"

"ఒకటే అయితే నాదే పెట్టండి."

ఇమాంబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "క్యాజీ, నువ్వు గిట్ల చూడకు," అంది ముష్తాక్‌తో. "నీ రిటర్ను కూడ అక్కనే నింపుతది, నంబరు నేను చెప్త. నువ్వేం చేస్తవంటే, గడ్డం గీక్కొని వచ్చి సార్‌కు సలాం కొడ్తవ్."

"నాకేమెరిక!" అన్నాడు ముష్తాక్, నిజంగానే తెలియనివాడిలా. తర్వాత కాస్త ఆలోచించి, "అట్లనా వదినా?" అని కమలకుమారినే అడిగాడు.

గోపాలరావు అందరి మొహాలూ చూశాడు. ల్యాప్‌టాప్ తీసి పక్కన స్టూలు మీద పెట్టాడు. కుర్చీ చేతుల మీద బరువు ఆనించి, మోకాళ్ల నొప్పితో నెమ్మదిగా లేచాడు. ఆ లేవడంలో ఆమెకు ఆయన మీద పొంగివచ్చిన జాలిని ఆమె అణచుకుంది; ఆ జాలి వల్లే ఇన్నాళ్లూ ఆయన కూర్చుని ఉన్నాడు. ఆమె కుర్చీలో కూర్చుంది. తీసేసిన మూడో సూచనను తిరిగి రాసింది, చూసి రాయవలసిన అవసరం లేకుండా. ఆయన పేరు చెరిపి తన పేరు పెట్టింది. వ్యక్తి, సంస్థ, వృత్తి నిపుణులు, ఇతరులు: మీరెవరో ఎంచుకోమని అడిగింది తెర.

"వ్యక్తి అని పెట్టు కమలా," అన్నాడు ఆయన, సాయం చేసే గొంతుతో.

ఆమె వృత్తి నిపుణులు అన్నచోట నొక్కింది.

లోపల ఫోను మళ్లీ కిణింగుమంది. ఆమె లేవలేదు. గోపాలరావు ఒక నిమిషం అటూ ఇటూ చూసి, తనే లోపలికి వెళ్లాడు. వంటింటి గడప మీద నిలబడి, ఫోనును కళ్లకు దూరంగా పట్టుకుని, అంకెలు ఒక్కొక్కటే బిగ్గరగా చదివాడు. మధ్యలో తడబడి, "ఉండు ఉండు, మళ్లీ చదువుతా" అన్నాడు. ఆమె వేచి ఉంది. ఆయన చదివినట్టే కొట్టింది. మీ సూచన అందింది, కమలకుమారి గారూ, అంది తెర.

ఉపేందర్ చేతిలో ఫారం పదహారు నలుగుతోంది. అలవాటుగా సార్ కోసం చూశాడు. సార్ వంటింట్లో ఉన్నాడు. కుర్చీలో అమ్మ ఉంది. వాడు లేచి, రెండు చేతులతో కాగితం ఆమెకు అందించాడు. "అమ్మా... మీకు తీరినప్పుడు, లోపలికి పోయినంక చూడుండ్రి."

"లోపలికెందుకు?" అంది కమలకుమారి, కాగితం విప్పి మోకాలి మీద సాపుచేసుకుంటూ. "మా అత్తగారు ఎప్పుడూ అనేవారు, ఇది కూర్చుని చేసే పనని. ఇక నుంచి కూర్చునే చేస్తాను."