నాలుగు మూలల పసుపు

రాయపూర్ గుఢియారీలో రైలు పట్టాల పక్కన ఒక టెలిఫోన్ గది. అందులో ఫోన్ల యంత్రాలు అమర్చిన నిలువెత్తు ఇనప రాక్‌లు. వాటిలో ఒకటి పక్కదాని మీదికి ఒరిగి, తీగలు తెగి, పేటలో ఫోన్లు మూగబోయి రెండ్రోజులైంది. దాన్ని పైకి లేపేసరికి దాని ఇనప కాలి కింద నుంచి ఒక మడిచిన కాగితం ఊడిపడింది. వాటిని బిగించే జట్టులోని అమ్మిరాజుకు గుండె జారిపోయింది.

జారదా మరి! అది పెట్టిన మహానుభావుడు తనే. వేసవిలో రాక్‌లు బిగించేటప్పుడు నేల ఎగుడుదిగుడుగా ఉండి ఒక కాలి కింద సందు మిగిలింది. రసమట్టంలో బుడగ మధ్యకు రానంటే రానంది. సందులో ఇనప పలక పెట్టి బోల్టు బిగించాలి. పలకలు అయిపోయాయి. స్టోరేమో ఊరికి దూరంగా ధర్సీవాలో ఉంది. ఆ ఎండలో ఎవడు పోతాడు? జేబులో ఆ పొద్దున్నే అందిన పెళ్లికార్డు చేతికి తగిలింది. మడిచి దోపేసి బోల్టు బిగించేశాడు. రేపు పలక పెడదాంలే అనుకున్నాడు. ఆ రేపు రానే లేదు. వానల్లో ఏసీ నీళ్లు కారి కార్డు నానింది. గూడ్సు బండి పోయినప్పుడల్లా గది అదిరి బోల్టు వదులైంది.

కార్డు ఎవరిదనుకున్నారు? జట్టు పెద్ద భీమారావు కూతురు అమూల్యది. శుభలేఖను ఇనుము కింద తొక్కించినవాడు ఏ మొహం పెట్టుకుని పెళ్లికి వెళతాడు? జ్వరమని చెప్పి ఇంట్లో పడుకున్నాడు. మర్నాడు భీమారావు లడ్డూలు పట్టుకుని పరామర్శకు వచ్చాడు.

ఇప్పుడు రాక్ కింద ఊడిపడిన ఆ కార్డును ఇంజనీరు సాహూ విప్పాడు. తెలుగు అక్షరాలు. జట్టులో తెలుగువాళ్లు ఇద్దరే. భీమారావు ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. బొబ్బిలిలో పదో తరగతి చదివిన అమ్మిరాజు చేతికిచ్చాడు సాహూ.

"పఢో, క్యా లిఖా హై?" చదవమన్నాడు, ఏం రాసుందో చెప్పమన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టయింది అమ్మిరాజుకు. పైన పెన్నుతో తన పేరే ఉంది, భీమారావు భార్య దాలమ్మ రాసింది. దాని మీద బొటనవేలు పెట్టి, అచ్చులో ఉన్నది మాత్రమే చదివాడు. పెళ్లికూతురు అమూల్య, తండ్రి భీమారావు.

సాహూ భీమారావు వైపు తిరిగాడు. భీమారావు కార్డును చూశాడు. అమ్మిరాజును చూశాడు.

"జట్టు పెద్దని నేను సాబ్. గల్తీ నాదే," అని హిందీలో చెప్పాడు.

రేపటి నుంచి రావద్దన్నాడు సాహూ. పాతికేళ్ల నౌకరీ. భీమారావు మెడలో వేలాడే గుర్తింపు కార్డు తీయబోయాడు. అమ్మిరాజుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వేలు తీశాడు.

"పైన ఇంకో పేరుంది సాబ్. ఈ కార్డు ఎవరికిచ్చారో వాళ్ల పేరు. అమ్మిరాజు. పెట్టింది నేనే. ఈయనకు తెలీదు."

సాహూ భీమారావును వదిలేసి, అమ్మిరాజు గుర్తింపు కార్డు తీసుకుని వెళ్లిపోయాడు.

బయట మెట్ల మీద కూలబడ్డ అమ్మిరాజు పక్కన భీమారావు వచ్చి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

"నాకు ముందే తెలిసిపోనాది రాజూ."

"నీకు చదవడం రాదు కదన్నయ్యా?"

"చదవడమెందుకు? అందరి కార్డులకీ ఒక్క మూలే పసుపు రాసింది మీ వదిన. నాలుగు మూలలా రాసినవి రెండే. ఒకటి దేవుడిది, ఒకటి నీది."

అమ్మిరాజు చేతిలో ఇంకా ఆ కార్డుంది. నానినా నాలుగు మూలల్లోనూ పసుపు మరక పోలేదు. అతనికి ఏడుపాగలేదు.

భీమారావు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "లే, ఇంటికి పోదాం, భోంచేద్దువు గానీ," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఆ కార్డు మట్టుకు మీ వదినకి చూపించకు. బాధ పడతాది."