సారవ్వ బీరపాదు

సదయ్య కాక బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు పనిచేసి, దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, అన్‌ఫిట్ అయి ఇంటికొచ్చినోడు. ఆయన భార్య సారవ్వ ఏటా వాకిట్ల బీరగింజలు పెట్టేది. ఆ యేడు పాదు పందిరెక్కకముందే ఆమె గుండె ఆగి పోయింది. నెల తిరగకముందే, భూమి తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు కింద ఊరు పోతున్నది, ఇండ్లు ఖాళీ చెయ్యాలని నోటీసొచ్చింది.

అది 2011. గోదావరిఖనిల నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఒకరోజు కాక వచ్చి కూసున్నడు.

"వీరేందర్, ఒక పువ్వు ఫోటో తియ్యాలె బిడ్డా."

"ఏం పువ్వు కాకా?"

"మీ చిన్నమ్మ పెట్టిన బీరపువ్వు. ఇల్లు కూలగొడితె పాదు గూడ పోతది గద."

బీరపువ్వు పొద్దు వాలినంకనే విచ్చుకుంటది. అప్పుడే పోయి, పందిరి కింద మోకాళ్ళ మీద కూసొని ఫ్లాష్ కొట్టిన. కెమెరా వెనుక తెర మీద చూపిస్తె కాక మొఖం చిన్నబుచ్చుకున్నడు. రేకులు తెల్లగ పాలిపోయినయి, వెనుకంత నలుపు.

"గిది బాయిల దీసినట్టున్నది బిడ్డా."

ఫ్లాష్ తీసేసిన. మసక ఎలుగుల గూడ బొమ్మ పట్టే ఐఎస్‌ఓ ఎక్కువ పెడితె బొమ్మ గరుకైతదని భయపడి, కొంచెమే పెంచి తీసిన. చీకటిగ వచ్చింది. స్టూడియోల కంప్యూటర్ మీద వెలుతురు పెంచితె రేకుల నిండ ఇసుక చల్లినట్టయింది. తప్పు నాదే. ఐఎస్‌ఓ ధైర్యంగ పెంచి, పువ్వు ముందటనే సరిపోను వెలుతురు పట్టాల్సింది.

తెల్లారి సాయంత్రం మళ్ళ పోయిన. ఐఎస్‌ఓ పదహారు వందలు పెట్టిన. కాని గాలి ఆగుతలేదు.

"కాకా, తీగె జర పట్టుకో."

పట్టుకున్నడు. దగ్గొచ్చింది, పువ్వంత వణికింది. నాలుగుసార్లు గట్లనే అయింది.

"రేపు తీద్దాం కాకా."

"రేపు సామాన్ల లారీ వస్తది. ఎప్పుడు నొక్కుతవో చెప్పు."

"ఇగ నొక్కుతున్న."

కాక ఊపిరి బిగబట్టిండు. మెడ నరాలు ఉబ్బినయి, కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. చెయ్యి మాత్రం కదలలే. మూడు ఫోటోలు తీసిన. తీగె ఇడిసి గోడకు ఒరిగి శానసేపు దగ్గిండు. నేను వీపు రాసుకుంట కూసున్న.

ఫోటో మంచిగొచ్చింది. రెండు వారాలకు ప్రింటు పట్టుకొని, ఇల్లు ఖాళీ చేసి కాక ఉంటున్న సెంటినరీ కాలనీల ఆయన బిడ్డ జమునక్క క్వార్టర్‌కు పోయిన. కాక ఫోటో మీద వేలు పెట్టి రేకు రేకు తడిమిండు.

"ఊరు దిక్కు పోయినవా? ఇల్లున్నదా?"

ఆయన మొఖం చూసి నిజం చెప్పబుద్ధి కాలే. "ఉన్నది కాకా" అన్న.

"ఉంటె పాదుకు నీళ్ళు పొయ్యాలె. ఎండుతది."

లేచి, తలుపు కాడ చెప్పుల కోసం వెతుకుతున్నడు. జమునక్క నా దిక్కు చూసి తల దించుకున్నది. నేను పోయి చెయ్యి పట్టుకున్న.

"లేదు కాకా. అబద్ధమాడిన. మొన్ననే కూలగొట్టిండ్రు."

అప్పటికి ఒక కాలికి చెప్పు తొడిగిండు. రెండోది తొడగకుండ, తియ్యకుండ, తలుపు పట్టుకొని అట్లనే నిలబడ్డడు.