పిక్కల పంచాయితీ

పిక్కలు పట్టేస్తున్నాయని నోరు జారితే చాలు, ప్రతివాడూ వైద్యుడైపోతాడు. అరటిపండు తినమని ఒకరు, ఉప్పునీళ్ళు తాగమని ఒకరు, బూట్లు మార్చమని ఇంకొకరు. ఈ చెప్పినవాళ్ళలో కదిలే బస్సు కోసమైనా పరిగెత్తినవాడు ఒక్కడుంటే ఒట్టు. అయినా ఎక్స్‌ప్రెస్సు అందరి మాటా విన్నది. తిన్నది, తాగింది, అప్పు చేసి బూట్లు కూడా కొన్నది. పిక్కలకి చీమ కుట్టినట్టయినా లేదు.

ఎక్స్‌ప్రెస్సు అంటే సబ్బుల కంపెనీలో ప్యాకింగ్ చేసే మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పొద్దున్నే రోడ్డు మీద పరిగెడుతుందని తోటివాళ్ళు పెట్టిన పేరు అది. ఊరికే సరదాకి కాదు ఆ పరుగు. ఫైర్ స్టేషన్‌లో ఆడవాళ్ళని తీసుకుంటున్నారు. రెండున్నర కిలోమీటర్లు పదమూడు నిమిషాల్లో పరిగెత్తాలి. ముప్పై దాటినవాళ్ళని గేటు లోపలికే రానివ్వరు. ఆమెకి ముప్పై నిండటానికి రెండు నెలలుంది. ఈసారి తప్పితే జన్మంతా సబ్బులే.

ఏడు నిమిషాల దాకా బాగానే పరిగెత్తేది. ఎనిమిదో నిమిషంలో రెండు పిక్కలూ రాళ్ళలా బిగుసుకుపోయేవి. కుంటుకుంటూ వచ్చేసరికి రోడ్డు చివర అలారం గడియారం పట్టుకుని అత్తగారు నిలబడి ఉండేది.

"పదహారు నిమిషాలు! ఏం పిక్కలే తల్లీ అవి? ఇంత తిండి పెట్టి, రోజూ నూనె రాసి చాకిరీ చేస్తుంటే ఇదా వాటి విశ్వాసం!" అని కోడల్ని వదిలేసి పిక్కల్ని తిట్టేది.

దరఖాస్తు మీద కంపెనీ డాక్టరు సంతకం కావాలి. ఆయన తలెత్తితేగా!

"నొప్పి ఎప్పుడొస్తుందమ్మా?"

"పరిగెడితే వస్తుందండీ."

"అయితే పరిగెత్తకు. తగ్గాక రా, సంతకం పెడతాను."

అంతే. కాలు చూపించడానికి ప్యాంటు మడత పెట్టబోతే, అప్పటికే తర్వాతి మనిషిని పిలిచేశాడు. చదువుకున్న మనిషి, జీతం తీసుకునే మనిషి, నొప్పి అంటున్న కాలిని ఒక్కసారి కూడా చూడకుండా మందు చీటీ రాసి పడేశాడు. ఒళ్ళు మండదూ మరి?

అసలు సంగతి పట్టుకున్నది చెప్పులు కుట్టే ముసలాయన. పరుగు బూటు అంచు ఊడితే కుట్టించడానికి వెళ్ళింది. ఆయన ఆ బూటు పక్కన పెట్టి, ఆమె కాళ్ళకున్న నీలం బూట్లని చూశాడు. కంపెనీ వాళ్ళు పనిలో వేసుకోమని ఇచ్చినవి అవి.

"ఆ నీలం బూటు ఇటివ్వమ్మా ఒకసారి."

"దానికేమైంది బాబాయ్? బాగానే ఉందిగా."

"ఏం బాగు నా మొహం! ముందు భాగం కాగితంలా అరిగిపోయింది. మడమ చూడు, కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది. రోజంతా మునివేళ్ళ మీద నిలబడే పనేంటమ్మా నీది?"

ఆమె నవ్వింది. "నేనెందుకు నిలబడతాను బాబాయ్?" అన్నది.

మర్నాడు ప్యాకింగ్ హాల్లో తన కాళ్ళవైపు తనే చూసుకుంది. మడమలు నేలకి రెండంగుళాలు పైనున్నాయి! పక్కనున్నామె మడమలూ అంతే. ఆ వరసలో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, ముప్పై ఆరు మడమలు, అన్నీ గాల్లోనే. ఆ బల్లలు ఒకప్పుడు అక్కడ పనిచేసిన మగవాళ్ళ ఎత్తుకి చేయించినవి. మగవాళ్ళు వేరే హాలుకి వెళ్ళారు, బల్లలు ఉండిపోయాయి. ఎనిమిది గంటలు మునివేళ్ళ మీద నిలబడి పనిచేయడం ఎంత అలవాటైపోయిందంటే, నిలబడుతున్నామన్న సంగతే ఎవరికీ తెలియదు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆరేళ్ళుగా ఇలాగే నిలబడుతోంది!

సామాన్ల గదిలోంచి ఒక చెక్క తెచ్చుకుని దాని మీద నిలబడింది. ఇంటి దగ్గర పొద్దునా సాయంత్రం గోడకి చేతులానించి, మడమ నేలకి తగిలేలా పిక్కల్ని మెల్లగా సాగదీసేది. మొదటి వారమంతా పరుగు మాని నడిచింది. తర్వాత కొంచెం నడక, కొంచెం పరుగు. మూడో వారం చివర్లో అత్తగారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని నడుస్తోందో లేదో చూసింది.

"పన్నెండున్నర! ఏయ్, సందులోంచి అడ్డదారిన వచ్చావేంటే?"

"లేదత్తయ్యా, మొత్తం రోడ్డే!"

సరిగ్గా ఆ రోజే సూపర్‌వైజర్ చెక్కని కాలితో తన్ని పక్కకి తోసేశాడు. "ఎవరైనా తట్టుకుని పడితే పూచీ నీదా? పరుగులు పెట్టి కాళ్ళు పాడుచేసుకుని మా బల్లల మీద పడతావేంటి?" అన్నాడు. ఆమె డాక్టరు దగ్గరికి పరిగెత్తుకెళ్ళి నొప్పి పోయిందని, బల్లల వల్లే వచ్చిందని చెప్పింది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

"బల్లల వల్ల పిక్కలు నొప్పెడతాయా? నీ కాగితంలో పరిగెడితే నొప్పి అనే ఉందమ్మా. వచ్చే నెల చూద్దాం."

వచ్చే నెల! దరఖాస్తుకి ఆ సాయంత్రమే ఆఖరు.

హాల్లోకి వచ్చి బల్ల మీద చేత్తో చరిచింది. "పిక్కలు నొప్పి ఎవరెవరికి ఉందో చెప్పండి" అని అరిచింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "రాత్రి పడుకుంటే పట్టేస్తాయి" అన్నది ఒకామె. "మెట్లెక్కలేను, వయసనుకున్నా" అన్నది ఇరవై రెండేళ్ళ పిల్ల. ఒక్కరు కూడా జీవితంలో పరిగెత్తినవాళ్ళు కారు.

అయిదు నిమిషాల తర్వాత డాక్టరు గది తలుపు తెరుచుకుంది.

"మళ్ళీ నువ్వేనా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"నేను చివర్లో ఉన్నానండీ" అన్నది ఎక్స్‌ప్రెస్సు, పద్దెనిమిది మంది వరస వెనకనుంచి.

ముందున్నామె ప్యాంటు మోకాలి దాకా మడిచి కాలు కుర్చీ మీద పెట్టింది. "కాలు చూడండి డాక్టర్ గారూ." వేరే దారి లేక చూశాడు. నొక్కాడు. ఆమె కెవ్వుమన్నది. తర్వాతామె. ఆ తర్వాతామె. ఏడో కాలికి ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. పదకొండో కాలికి, "నువ్వూ పరిగెడతావా అమ్మా?" అని నీళ్ళు నములుతూ అడిగాడు.

"ఇంట్లో పొయ్యి దగ్గరికండీ" అన్నది ఆవిడ.

చివరి కాలు ఎక్స్‌ప్రెస్సుది. రెండు పిక్కలూ నొక్కి చూశాడు. మెత్తగా ఉన్నాయి. దరఖాస్తు తీసి, 'బల్లల ఎత్తు తగ్గించవలెను' అని రాయబోయాడు.

"అయ్యో, నా దాంట్లో కాదండీ! అది కంపెనీకి రాయండి. నా దాంట్లో సంతకం పెడితే చాలు."

రెండూ రాశాడు. రెండో దాని మీద కూడా సంతకం పెట్టేదాకా ఒక్కరూ కదల్లేదు.

ఇంతలో సూపర్‌వైజర్ రొప్పుతూ వచ్చాడు. "ఏంటిది? పావుగంట నుంచి లైను ఆగిపోయింది! అందరూ ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నారు?"

దరఖాస్తు మడిచి లోపల పెట్టుకుంటూ ఆమె అన్నది, "నిలబడుతున్నామండీ. ఈ కంపెనీలో మడమలు నేలకానించి నిలబడటం మాకిదే మొదటిసారి."