జారని రంగు

జర్రుమంది.

తడి అరికాలు నున్నటి రంగు మీద జారిన చప్పుడు. రెప్పపాటు కూడా లేదు. తొమ్మిదేళ్లయినా అతని చెవిలోంచి పోలేదు.

ఆ చప్పుడు వెంటే ఒక సందేహం. అక్క పడింది రంగు వల్లా? కాలి తడి వల్లా? లేక పైవాడే ఆ వేళకి అలా రాసిపెట్టాడా?

పూటపూటా దేవుడికి దండం పెట్టుకునే మనిషి. పెట్టుకున్న ప్రతిసారీ అడిగాడు. కోపంగా కాదు… తండ్రిని అడిగినట్టు, మెల్లగా.

"నీ పనా స్వామీ, నా పనా?"



పడవ అతనిది. రేవు నుంచి అవతలి గట్టుకు జనాన్ని దాటించే, మోటారు బిగించిన చెక్క పడవ. కొన్న కొత్తలో తన చేత్తోనే రంగు వేశాడు. నీలం. మెరిసే నీలం. ఒక పూత, రెండు పూతలు, మనసాగక మూడో పూత. వంగి చూస్తే అందులో మబ్బులు నడిచేవి. "అద్దం!" అని మురిసిపోయాడు. మొదటి అడుగు అక్కదే కావాలన్నాడు.

మొదటి అడుగే జారింది. చీలమండ విరిగింది.

పడవ కదలనేలేదు.

ఆ సాయంత్రమే డెక్కు మీద గోనెపట్టాలు పరిచాడు. తొమ్మిదేళ్లు జనం వాటి మీదే నడిచారు. అక్క మాత్రం ఎక్కలేదు. చూడ్డానికి వచ్చినా రేవు మెట్టు మీదే కూర్చునేది. "ఇక్కడే బాగుందిలేరా" అనేది. బాగుందిలే అన్న ఆ మాట… ముల్లు.

పది రోజుల కిందట ఫోన్ చేశాడు.

"పాత రంగంతా గీకేస్తున్నానక్కా. ఇసుక కలిసిన రంగు వేస్తున్నా. కాలు పట్టుకుంటుంది."



"శనివారం వస్తాలే. ఎక్కుతానని మాత్రం అనలేదు."

ఎక్కుతానని అనలేదు. ఎక్కననీ అనలేదు!

ఆ రెండోది పట్టుకుని అతను పది రోజులు నేల మీద నడవలేదు.

గీకాడు. నీలం పెచ్చులు పెచ్చులుగా లేచింది. గరుకు కాగితంతో రుద్దాడు — భుజం పట్టేసేదాకా, చెక్క తన అసలు రంగు చూపించేదాకా. కడిగాడు. ఆరబెట్టాడు. తాడు కట్టే గుంజ చుట్టూ, అంచుల వెంట కాగితపు టేపు అంటించాడు. అక్కడ మాత్రం నున్నగానే ఉండాలి, గరుకైతే తాడు ఒరుసుకుని తెగుతుంది. మూలలు గుండ్రంగా రావడానికి డబ్బా మూత బోర్లించి గీత గీశాడు.

ఇసుక. సన్నటి ఇసుక. మట్టి పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి దుప్పటి మీద ఆరబోశాడు.

"వదిన కాలు జారకూడదు, సరే. నా వీపు చెక్కుకుపోయినా పర్లేదా?" అంది భార్య, రాత్రి పరిచిన ఆ దుప్పటిని మర్నాడు పొద్దున దులుపుతూ. అన్నదే గాని, పిండి జల్లెడ తనే తెచ్చి చేతికిచ్చింది. "ఇది మళ్లీ నా వంటింట్లోకి తెచ్చారో…"

మిగతాది కళ్లతో చెప్పింది.

గురువారం మొదటి పూత. బూడిద రంగు. రోలరుతో పట్టించాడు, తడి ఆరకముందే జల్లెడ ఎత్తాడు. భుజం కన్నా ఎత్తుకి. కిందనుంచి చల్లితే కుప్పలు పడుతుంది. ఎత్తునుంచి చల్లితే — వాన. సన్నటి, పొడి వాన. ఎక్కడ మెరుపు కనిపిస్తే అక్కడ చల్లాడు. ఒక్క మెరుపు కూడా మిగలకుండా చల్లాడు.

నవ్వొచ్చింది. ఒకప్పుడు ఇదే మెరుపు కోసం మూడు పూతలు పూసిన చేతులు ఇవే కదా!

శుక్రవారం పొద్దున్నే, అంటుకోని ఇసుక ఊడ్చేసి చివరి పూత మొదలుపెట్టాడు. ఇసుక రేణువుల్ని పట్టి ఉంచే పూత. రోలరు గరగరలాడుతోంది. గాలి చల్లగా ఉంది. నీళ్లు పడవ పక్కల్ని తడుతున్నాయి. రేపు అక్క వస్తుంది… రేపు అక్క వస్తుంది… చెయ్యి దానంతటదే పోతోంది. ముందుకి, ఇంకా ముందుకి.

అక్కకి అతను ఒక దాటింపు బాకీ.

చిన్నప్పుడు బడికి వెళ్లే దారిలో వాగు ఉండేది. అతనికి ఆరేళ్లు, అక్కకి పదకొండు. ఏడాది పొడవునా వీపు మీద మోసింది. ఒకరోజు నడుం లోతు నీళ్లలో ఆగి, ఆయాసపడుతూ అడిగింది — పెద్దయ్యాక నువ్వు నన్ను దాటిస్తావా, ఒక్కసారి? వీపు మీంచి "ఊఁ" అన్నాడు.

ఆ "ఊఁ" ఇంకా తీరలేదు.

చివరి మూల కూడా అయిపోయింది. నడుం నిలబెట్టాడు. తృప్తిగా వెనక్కి తిరిగాడు.

తిరిగి… అలాగే ఉండిపోయాడు.

మొదలుపెట్టింది రేవు వైపు నుంచి. ముగించింది పడవ ముక్కు దగ్గర. తనకీ రేవుకీ మధ్య డెక్కంతా పచ్చి రంగు. కాలు పెట్టే చోటు లేదు. సాయంత్రం దాకా ఆరదు.

ఇరవై ఏళ్లుగా రేవులో అందరి పడవలకీ రంగులు వేస్తున్న మనిషి!

పడవ ముక్కు మీద గొంతుక్కూర్చున్నాడు. చేతిలో రోలరు. అప్పుడు వినబడింది, రేవు మీంచి.

"ఒరేయ్, కాకిలా అక్కడెక్కి కూర్చున్నావేంట్రా?"

అక్క! చంకలో సంచి. పక్కన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భార్య.

"అక్కా! రేపు కదా నువ్వు…"

"రేపటిదాకా ఆగబుద్ధి కాలేదు. దిగి రా."

"దిగడానికి లేదక్కా."

"చూశారా వదినా, మీ తమ్ముడి తెలివి!" భార్యకి నవ్వు ఆగడం లేదు. "పొద్దున టిఫిన్ కూడా తినలేదు. ఇప్పుడు విసరమంటారా?"

ముగ్గురూ నవ్వారు. నీళ్లు కూడా నవ్వినట్టే ఉన్నాయి. నవ్వు తగ్గాక మధ్యలో రంగు మిగిలింది. పదహారు అడుగుల పచ్చి రంగు. పారిపోవడానికి చోటు లేదు, పని ఉందని తప్పించుకోవడానికి లేదు. అడిగేశాడు.

"అక్కా… ఆ రోజు నువ్వు పడింది… నా రంగు వల్లేనా?"

అక్క సంచి కింద పెట్టింది.

"కింద నా మొహం కనిపించిందిరా. ఎంత బాగున్నానో! చెంప మీద వెంట్రుక సర్దుకుందామని వంగాను… అంతే."

"అంటే?"

"అంటే ఏముంది? మెరిపించింది నువ్వు. మురిసిపోయింది నేను. మధ్యలో ఎవరు తోశారో నాకేం తెలుసురా."

తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. సిగ్గేసిందట, ఆ వయసులో అద్దం చూసుకుని పడ్డానని చెప్పుకోవడానికి.

అతనికి ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో తెలియలేదు. రోలరు పక్కన పెట్టాడు. చొక్కా కూడా విప్పలేదు.

దూకేశాడు.

రేవంతా నీళ్లు లేచాయి. "నా చీర!" అని భార్య కేక. "వీడికి బుద్ధి రాలేదు!" అని అక్క. నీళ్లలోంచి తల పైకెత్తి, తడిసిన పిల్లిలా, అతను నవ్వుతున్నాడు.

శనివారం.

రంగు ఆరింది. గట్టిపడింది. బొటనవేలితో నొక్కి చూశాడు, మడమతో రుద్ది చూశాడు. చివరికి ఒక బకెట్టు నీళ్లు తెచ్చి డెక్కు మీద గుమ్మరించాడు. తడి మీదే చూడాలి. లేకపోతే లెక్క కాదు.

అక్క రేవు మెట్టు మీద నిలబడింది. చెప్పులు విడిచింది. చీర కొద్దిగా ఎత్తింది. చీలమండ మీద పాత మచ్చ.

నిలబడింది.

ఇంకా నిలబడింది.

అతను చెయ్యి చాచలేదు. చాచాలని ఉంది. మనసులో దండం పెట్టుకున్నాడు. ఈసారి ఏమీ అడగలేదు.

అడుగు పడింది.

"అబ్బ! ఏంట్రా ఇది, పాదం పాలిష్ పడుతోంది!"

రెండో అడుగు. మూడోది. అక్క నడిచింది. ముందు కొసదాకా నడిచి, వెనక్కి నడిచి, మళ్లీ ముందుకి. మోటారు ఎప్పుడు అందుకుందో, తాడు ఎవరు విప్పారో… పడవ కదిలింది. గాలికి అక్క జుట్టంతా చెదిరింది. సర్దుకోలేదు. నీళ్ల మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, అంతే. 

అవతలి గట్టుకి పడవ ముక్కు తగిలింది.

"దాటించావురా" అంది.

దిగలేదు. అక్కడే నిలబడి, పాదాన్ని డెక్కుకేసి రుద్దుతోంది. ముందుకి… వెనక్కి… చిన్నపిల్లలా.

గర్ర్… గర్ర్…

తడి అరికాలు. గరుకు రంగు.